డ్రైవింగ్ మాస్టారి ఆదివారం కచేరీ

డ్రైవింగ్ మాస్టారికి ఈ లోకంలో నచ్చేవాళ్ళు బహు తక్కువ. కారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలోనైతే ఒక్కరూ లేరు. స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నవాడిని "అదేమన్నా మీ ఇంటి ఓనరు మెడా, అలా పిసుకుతున్నావ్?" అనేవారు. వదులుగా పట్టుకున్నవాడిని "కాలే గిన్నె ముట్టుకున్నట్టు ఆ పట్టేంటి?" అనేవారు. సరిగ్గా పట్టుకున్నవాడు ఎప్పుడైనా దొరికితే వాడి చెప్పుల్ని చూసి ఏదో ఒకటి అనేవారు. ఆయన కూర్చునే పక్క సీటు ముందు ఇంకో బ్రేకు ఉండేది. అవసరం ఉన్నా లేకపోయినా దాన్ని తొక్కడం, పాపం నేర్చుకునేవాడు ఉలిక్కిపడితే ఓరగా చూసి పెదవి విరవడం ఆయనకి అలవాటు. ఇంత చేసినా జనం వస్తూనే ఉండేవారు. ఆయన తిట్లు తట్టుకున్నవాడికి రోడ్డు మీద ఎవరేమన్నా చీమ కుట్టినట్టు కూడా ఉండదని పేరు పడిపోయింది మరి.

భార్యకి కూడా తనే నేర్పబోయారు. మొదటిరోజే, రెండో మలుపు తిరక్కముందే, ఆవిడ కారు పక్కకి ఆపి, తాళంచెవి తీసి ఆయన ఒళ్ళో పడేసి, నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. దగ్గు మందు కోసం వచ్చి దెబ్బలాడేవాళ్ళని రోజూ చూస్తుంది కాబట్టి ఎవరితో వాదించాలో, ఎవరితో వాదించకూడదో బాగా తెలుసు. మర్నాడే ఎదురు వీధి స్కూల్లో చేరి, మొదటి పరీక్షలోనే లైసెన్సు తెచ్చుకుంది. మాస్టారు ఆ లైసెన్సుని లైసెన్సు అనరు. "ఎదురు వీధి కాగితం" అంటారు.

ఇలా అందరినీ చులకనగా చూసే మాస్టారు, ఇద్దరిని మాత్రం ప్రత్యేకంగా, ఆప్యాయంగా, తీరిక చేసుకుని మరీ చులకనగా చూసేవారు. వాళ్ళు ఆయన పాత స్నేహితులు. ఒకడు గిటారు వాయించేవాడు, తాటిచెట్టంత మనిషి, అందరూ "పొడుగు" అనేవారు. ఇంకొకామె పాడేది, ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉంటుందని "చిలక" అనేవారు. చదువుకునే రోజుల్లో మాస్టారూ వాళ్ళూ కలిసి ఒక బృందం పెట్టారు. మాస్టారు డ్రమ్ములు. పెళ్ళిళ్ళలో, కాలేజీల్లో, షాపుల ప్రారంభాల్లో వాయించేవాళ్ళు. తర్వాత మాస్టారి మేనమామకి నడుం పట్టేసి, డ్రైవింగ్ స్కూలు చూసుకునేవాళ్ళు కావలసొచ్చింది. మాస్టారు కర్రలు పక్కన పడేసి బ్రేకు మీద కాలు పెట్టారు. మిగతా ఇద్దరూ పెళ్ళి చేసుకుని ఎడారి మధ్య ఉన్న ఓ పెద్ద నగరానికి వెళ్ళిపోయారు. అక్కడ హోటళ్ళు ఎక్కువ, సంగీతానికి గిరాకీ ఉంటుందని.

అక్కణ్ణించి వాళ్ళు ఫోటోలు పంపేవారు. ఎర్రటి ఇసుక, మునిగిపోతున్న సూర్యుడు, ఆ వెలుగులో గిటారు ఒళ్ళో పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్న పొడుగు. ముఖమల్ తెర ముందు మైకు, దాని ముందు కళ్ళు మూసుకున్న చిలక. ప్రతి ఫోటోనీ మాస్టారు రెండు వేళ్ళతో పెద్దది చేసి, అంగుళం అంగుళం వెతికేవారు.

"చూడు చూడు. గిటారుకి ఓ తీగ తెగిపోయింది. తెగిన గిటారు పట్టుకుని ఏం పోజు! ఆ తెర చూడు, కింద మడత కుట్టలేదు. వీళ్ళదొక బతుకు, దానికో ఫోటో."

భార్య కూర తరుగుతూనే అడిగేది: "అంత పనికిమాలిన ఫోటో అయితే అంతసేపు చూడ్డం దేనికండీ?"

"నవ్వుకోడానికి."

"నవ్వడం లేదుగా మీరు."

మీ బృందం ఎలా ఉండేదని ఆవిడ కొత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు ఒకసారి అడిగింది. "బృందమా, పాడా? డబ్బాలు కొట్టేవాళ్ళం," అన్నారాయన. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఇంట్లో డ్రమ్ములు లేవు, కర్రలూ లేవు. భర్త ఒకప్పుడు వాయించేవాడన్న సంగతి, ఒకప్పుడు ఆయనకి చికెన్‌పాక్స్ వచ్చి తగ్గిందన్న సంగతిలాగే, ఆవిడకి తెలుసు, అంతే.

ఒక చలికాలం పొడుగు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇన్నేళ్ళయింది, ఒక్కసారైనా మా గడప తొక్కావా? ఈ వారం చివర రండి ఇద్దరూ. శనివారం వచ్చి ఆదివారం సాయంత్రానికి వెళ్ళిపోదురు. ఆదివారం మధ్యాహ్నం మాకు పెద్ద హోటల్లో కచేరీ ఉంది. భోజనం అక్కడే, హోటలు వాళ్ళదే."

మాస్టారు వద్దనబోయారు. ఇంతలో, దగ్గరికెళ్ళి కళ్ళారా చూసి నవ్వుకునే అవకాశం కదా అనిపించింది. ఫోన్ పెట్టేసి, "వెళ్దాం. ఆ వైభోగమేంటో చూసొద్దాం," అన్నారు.

"చూసి నవ్వుకోడానికా, చూసి ఏడవడానికా?" అంది భార్య. కానీ సూట్‌కేసు మాత్రం వెంటనే దించింది. హోటలు భోజనం అన్న మాట ఆవిడా విన్నది.

తెల్లవారగానే బయల్దేరారు. పొలాలు పలచబడ్డాయి, చెట్లు పొదలయ్యాయి, పొదలు కూడా విసుగెత్తి ఆగిపోయాయి. ఆ తర్వాత రోడ్డు గీత గీసినట్టు తిన్నగా, అటూ ఇటూ ఇసుక. సగం దారి ఆవిడ నడిపింది. ఆవిడ నడుపుతున్నంతసేపూ మాస్టారి కుడికాలు, అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

"కాలు నొప్పెడుతుంది, తీసెయ్యండి," అంది ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఎదురు వీధిలో ఇలాగే నేర్పుతారా, లారీ వెనకాల ఇంత దగ్గరగా?"

"లారీ ఎక్కడుందండీ, ఆ కొండలు దాటిపోయింది."

మధ్యాహ్నానికి నగరం కనిపించింది. దూరం నుంచి అద్దాల మేడలు ధగధగలాడాయి. దగ్గరికొస్తే అద్దాల నిండా దుమ్ము. గొట్టాలకి తాళ్ళు కట్టి మనుషులు అద్దాలు తుడుస్తున్నారు. వాళ్ళు కింది అంతస్తుకి దిగేసరికి పై అంతస్తు మళ్ళీ బూడిదరంగు. చౌరస్తాలో పెద్ద ఫౌంటెన్ ఎగజిమ్ముతోంది. దాని పక్కనే నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో, క్యాన్లతో జనం బారు. మాస్టారికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంత ఎగతాళి చేయదగ్గ ఊరు ఆయనకి ఇంతవరకు తగల్లేదు.

పొడుగు వాళ్ళ ఇల్లు ఓ నాలుగంతస్తుల భవనంలో మూడో అంతస్తు. పొడుగు మెట్ల దగ్గరికే ఎదురొచ్చి కావిలించుకున్నాడు. జుట్టు తెల్లబడింది, వెనక్కి లాగి ముడేశాడు. చిలక గుమ్మంలో నిలబడి నవ్వుతూ చేతులు చాపింది, కానీ పెద్దగా మాట్లాడలేదు. తలుపు కింద ఇసుక రాకుండా తడి తువ్వాలు చుట్టి పెట్టారు. దాన్ని దాటి లోపలికెళ్ళగానే మాస్టారి కళ్ళు ఆ ఫోటోల ఇంటి కోసం వెతికాయి. ఉంది. ముఖమల్ తెర ఉంది, గోడకి గిటార్లు ఉన్నాయి, పసుపుపచ్చ దీపం ఉంది. అంతా ఒక మూల, ఇద్దరు మనుషుల వెడల్పులో. మిగతా గదంతా అట్టపెట్టెలు, ఆరేసిన బట్టలు, ఒక కాలు విరిగితే ఇటుక పెట్టిన సోఫా.

మాస్టారు భార్య వైపు తిరిగి కనుబొమలు ఎగరేశారు. ఆవిడ చూడనట్టు ఊరుకుంది.

"స్టూడియో చూద్దువుగాని రా," అన్నాడు పొడుగు. స్టూడియో అంటే బట్టల అలమర. లోపలివైపు పాత బొంతలు మేకులతో కొట్టారు. చొక్కాలు వేలాడుతూనే ఉన్నాయి. "బట్టలుంటే ప్రతిధ్వని రాదు, తెలుసా?" అన్నాడు గర్వంగా.

"ఇస్త్రీ కూడా అందులోనే అయిపోతుందా?" అన్నారు మాస్టారు.

పొడుగు పగలబడి నవ్వాడు. నవ్వి, ఇంత లావు మట్టి గిన్నెల్లో టీ తెచ్చి, మొదలుపెట్టాడు. "ఈ ఎడారి నాకు మౌనం నేర్పిందిరా." ఆ మౌనం గురించి టీ చల్లారేదాకా చెప్పాడు. ఇసుక మీద గాలి ఎలా పాడుతుందో చెప్పాడు, దాన్ని తను ఎలా రికార్డు చేశాడో చెప్పాడు, శబ్దానికీ శబ్దానికీ మధ్య ఖాళీయే అసలు సంగీతమని చెప్పాడు. తన మాటకీ మాటకీ మధ్య మాత్రం ఎవరికీ ఖాళీ ఇవ్వలేదు. మాస్టారు ఆవులింత ఆపుకుంటూ, ఇంటికెళ్ళాక చెప్పుకోవలసినవన్నీ మనసులో పోగేసుకుంటున్నారు.

చివరికి పొడుగు గొంతు సవరించుకున్నాడు. "రేపటి కచేరీ సంగతి. మా డ్రమ్ములతను ఉద్యోగం దొరికి పోయినవారమే వెళ్ళిపోయాడు. హోటలు వాళ్ళతో ముగ్గురమని ఒప్పందం. ముగ్గురూ కనబడాలి. నువ్వు కూర్చుంటావా?"

మాస్టారు నవ్వారు. "నాకేం పిచ్చా? కర్ర ముట్టుకుని ఎన్నేళ్ళయిందో తెలుసా? ఏం వాయిస్తాను?"

"వాయించక్కర్లేదురా. వాయిస్తున్నట్టు చేతులు ఆడిస్తే చాలు."

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మాస్టారి మొహం పండగలా వెలిగింది. "అంటే... రికార్డు పెట్టి? నువ్వు కూడా?"

"నేనూ అంతే. హోటలు వాళ్ళకి చప్పుడు ఒకే స్థాయిలో ఉండాలట, పెరగకూడదు, తగ్గకూడదు. ముందు నిజంగానే వాయించేవాళ్ళం. తర్వాత్తర్వాత..."

"మరి పాట? పాట కూడానా?" అని చిలక వైపు తిరిగారు.

చిలక టీ గిన్నె కింద పెట్టింది. అప్పుడు విన్నారు మాస్టారు ఆమె గొంతుని సరిగ్గా. బొంగురుగా, గరుకు కాగితం రాసినట్టుంది. "గొంతులో కాయలొచ్చాయి అన్నయ్యా. ఆపరేషన్ చేశారు. మాటొచ్చింది, పాట రాలేదు." ఏ కూరగాయల ధరో చెబుతున్నట్టు చెప్పింది. "పిల్లలకి కీబోర్డు నేర్పుతున్నాలే స్కూల్లో. ఆదివారాలు పెదాలు కదుపుతా. బానే అలవాటైంది."

మాస్టారి భార్య లేచి గిన్నెలు తీస్తూ, "నేను కడుగుతాను, మీరు కూర్చోండి వదినా," అంది. మాస్టారికి ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎందుకో మింగేశారు. డ్రమ్ముల దగ్గర కూర్చోడానికి మాత్రం ఒప్పుకున్నారు. అంత దగ్గర్నుంచి అంత బూటకాన్ని చూసే భాగ్యం జన్మకోసారి గాని రాదని.

ఆదివారం ఎండ ఇంకా నడినెత్తికి రాకముందే హోటలుకి వెళ్ళారు. హాలు నిండా తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు, మంచుగడ్డల మీద పళ్ళు, పైకప్పు నుంచి వేలాడే గాజు దీపాలు. ఒక మూల చిన్న ఎత్తు మీద డ్రమ్ములు. పాత డ్రమ్ములతని నల్ల చొక్కా మాస్టారికిచ్చారు. పొట్ట దగ్గర బొత్తాం పట్టలేదు, పిన్నీసు పెట్టారు. డ్రమ్ముల మీద పలచటి స్పాంజి అంటించారు, పొరపాటున కర్ర తగిలినా చప్పుడు రాకుండా. పొడుగు గిటారుకి ఒక వైరు ఉంది. మాస్టారు దాని వెంట చూపు పంపారు. అది ఎత్తు దిగి, కార్పెట్ కిందికి దూరి, అక్కడితో అయిపోయింది. దేనికీ తగిలించి లేదు.

"భలే," అనుకున్నారు మాస్టారు. ఇరవయ్యేళ్ళ ఫోటోలన్నీ ఒక్క వైరు చివర తేలిపోయాయి.

భార్య ఎదురుగా ఓ బల్ల దగ్గర కూర్చుంది. జనం వచ్చారు, కుర్చీలు లాక్కున్నారు, ప్లేట్లు నింపుకున్నారు. ఒక్కడూ ఈ మూలకి చూడలేదు. పొడుగు కాలితో ఒక మీట నొక్కాడు.

స్పీకర్లోంచి ముందు డ్రమ్ములే మొదలయ్యాయి. చిన్న దరువు, మూడో దెబ్బ దగ్గర కర్ర అంచుకి తగిలి "టక్" మన్న చప్పుడు, దాని మీదుగా తూలి మళ్ళీ సర్దుకున్న లయ.

మాస్టారి చేతులు గాల్లో ఆగిపోయాయి.

ఆ "టక్" ఆయనకి తెలుసు. అది ఆయనదే. బృందం విడిపోయే ముందు, ఎవరో తెలిసినవాళ్ళ గదిలో గుర్తుగా ఉంటాయని పాటలన్నీ రికార్డు చేసుకున్నారు. ఆ తప్పు కోసం మళ్ళీ తీద్దామని ఆయన పట్టుబట్టారు. పర్లేదు, బాగుందన్నారు వాళ్ళిద్దరూ. అదిప్పుడు ఈ గాజు దీపాల కింద, సూపు తాగుతున్న జనం మధ్య, అప్పటి ఇరవై రెండేళ్ళవాడు వాయిస్తున్నాడు. వాడి వెనక పిన్నీసు పెట్టిన చొక్కాలో ఓ నడివయసు మనిషి నోరెళ్ళబెట్టి కూర్చున్నాడు.

పొడుగు వెనక్కి తిరిగి కళ్ళతో కసిరాడు. మాస్టారు చేతులు ఆడించడం మొదలుపెట్టారు. అంత తేలికనుకున్నది అసలు కుదరలేదు. వాడు వేగంగా ఉన్నాడు. ఎక్కడ ఏ దెబ్బ వేస్తాడో తెలుసు, కానీ చెయ్యి అక్కడికి చేరేసరికి వాడు ఇంకో చోట ఉన్నాడు. దొంగ వాయింపులో కూడా ఆయన వెనకబడ్డారు. ముందు చిలక పెదాలు కదుపుతోంది. స్పీకర్లోంచి ఆమె పాత గొంతు, తేటగా, ఎక్కడా ఆయాసం లేకుండా, పై స్థాయికి ఎక్కి కాసేపు అక్కడే నిలబడింది. ఆ గొంతు ఊపిరి తీసుకున్న చోటే చిలకా ఊపిరి తీసుకుంది. ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

రెండో పాటకి హోటలు మేనేజరు వచ్చి మాస్టారి చెవి దగ్గర వంగాడు. పట్టేశాడనుకున్నారు మాస్టారు.

"సార్, కొంచెం నవ్వుమొహం పెట్టండి. పోయినతను నవ్వుతూ ఉండేవాడు. మీరు ఎవరినో కొట్టేట్టున్నారు."

జీవితంలో మొదటిసారి మాస్టారు ఎవరో చెప్పినందుకు నవ్వారు. ఆ నవ్వు చూసి ముందు బల్ల దగ్గర ఒకావిడ ప్లేటు పట్టుకుని వెనక బల్లకి మారిపోయింది.

అయిపోయాక పొడుగుని సామాన్లు పెట్టే గదిలోకి లాగారు. "అది నేను కదరా!"

"నువ్వే."

"ఇన్నేళ్ళ నుంచా? నన్ను అడిగావా?"

"అడిగితే ఏమనేవాడివి? ముందు ఓ గంట వెక్కిరించి, తర్వాత వద్దనేవాడివి." పొడుగు గిటారు సంచిలో పెట్టుకుంటూ, మొదటిసారిగా మెల్లగా మాట్లాడాడు. "దాని గొంతు ఉన్న రికార్డు అదొక్కటేరా మా దగ్గర. గొంతు ఉంచుకోవాలంటే నువ్వూ ఉండాలి. నిన్ను తీసేసి దాన్ని ఉంచడం కుదర్దు."

మాస్టారు కోపంగా చొక్కా విప్పబోయి పిన్నీసు వేలికి గుచ్చుకున్నారు.

తిరుగు దారిలో మాస్టారే నడిపారు. నగరాన్ని తిట్టారు, ఫౌంటెన్‌ని తిట్టారు, సూపులో ఉప్పుని తిట్టారు. వైరు సంగతి రెండుసార్లు చెప్పారు. "కార్పెట్ కింద దోపాడే! జనానికి చెవుల్లో పువ్వులు. వాళ్ళకీ సిగ్గు లేదు, తినేవాళ్ళకీ లేదు."

భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. అటే చూస్తూ అడిగింది: "ఆ వాయించింది మీరే కదూ?"

ఆయన తుళ్ళిపడ్డారు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మొదటి దరువుకి మీ మొహం చూశాను." ఇటు తిరిగి, "డబ్బాలు కొట్టేవాళ్ళమన్నారు నాతో," అంది.

"డబ్బాలే."

"ఇన్నేళ్ళు కాపురం చేశాను. మీరు అంత బాగా వాయించేవారని హోటల్లో పళ్ళు తింటూ తెలుసుకోవాలా నేను?" ఆవిడ గొంతులో మెచ్చుకోలు లేదు, కోపం ఉంది. ఇంట్లో ఏదో విలువైనది ఇన్నాళ్ళూ తనకి చెప్పకుండా దాచి, అది పనికిరానిదని నమ్మించినవాడి మీద వచ్చే కోపం. "మనుషుల్ని తీసిపారేస్తారంటే సరే. మిమ్మల్ని మీరు కూడా తీసిపారేసి నాకేం మిగిల్చారు?"

మాస్టారు ఏదో అనబోయారు. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది, తిట్టడానికి ఒక్క బండి కూడా లేదు.

తర్వాతి నెలల్లో ఆయనలో పెద్ద మార్పేమీ రాలేదు. స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళ మెడల మీద మాటలు పడుతూనే ఉన్నాయి. కాకపోతే ఒకరోజు చౌరస్తా దగ్గర డాష్‌బోర్డు మీద వేళ్ళతో ఏదో వాయిస్తుంటే, నేర్చుకునే అమ్మాయి అది ఆపమనే సైగ అనుకుని నడిరోడ్డు మీద కారు ఆపేసింది. వెనక హారన్లు మోగిపోయాయి. ఆ అమ్మాయిని తిట్టడానికి ఆయనకి వీల్లేకపోయింది. అది ఆయనకి చాలా రోజులు బాధ.

పొడుగు ఫోన్ చేసి, డ్రమ్ముల దగ్గర కూర్చోవడానికి మనిషి దొరికాడని చెప్పాడు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరట. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీయట. మేనేజరుకి తెగ నచ్చాడట, నవ్వు ఆపడట.

"వాడికి తాళం అంటే ఏంటో తెలుసా?" అన్నారు మాస్టారు.

"తెలీదు. తెలియాల్సిన పనేముంది? తెలిసినవాడివి నువ్వు వాయిస్తున్నావుగా."

మాస్టారికి వారం రోజులు అన్నం సహించలేదు. వాడెంత చండాలంగా చేస్తున్నాడో స్వయంగా చూడాలన్నారు. తర్వాతి చలికాలం వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు. ఈసారి దారంతా భార్యే నడిపింది.

ట్యాంకరు డ్రైవరు నిజంగానే నవ్వుతున్నాడు. చొక్కా సరిగ్గా పట్టింది. చేతులు దోమల్ని తోలుతున్నట్టు ఎటుపడితే అటు ఆడుతున్నాయి. దరువు ఒక దారి, చేతులు ఒక దారి. చిలక వీళ్ళ బల్ల వైపు చూసి, పెదాలు కదుపుతూనే కళ్ళతో పలకరించింది.

"చూశావా వాణ్ణి?" అన్నారు మాస్టారు ముందుకి వంగి. "గోడకి సున్నం కొడుతున్నట్టు లేదూ? ఆ మేనేజరుకి కళ్ళున్నాయా అసలు? వీడూ ఒక..."

"మాట్లాడకండి," అంది ఆవిడ, ప్లేటు పక్కకి జరిపి. "విననివ్వండి."

మాస్టారు నోరు మూసుకున్నారు. ఆ పాట అయ్యేదాకా తెరవలేదు. పాట అవగానే నాప్కిన్‌తో మూతి తుడుచుకుని, "సూపు మాత్రం పోయినసారి కన్నా దరిద్రంగా ఉంది," అన్నారు.